డబ్బాలక్క కొట్టు

“సంచి ఇవ్వరా? మరి బియ్యం దోసిట్లో పట్టుకుపోవాలా?”

కొట్టు తెరిచిన రోజు మొదట వచ్చిన మనిషే ఇలా అడిగాడు. అందరూ నవ్వారు. కొట్టు పెట్టినామె కూడా నవ్వింది. ఇంట్లోంచి ఒక గిన్నె తెచ్చి, అందులో బియ్యం పోసి, “రేపు తెచ్చివ్వండి” అని పంపింది.

ఆ వీధి కాలువ ప్లాస్టిక్ కవర్లతో పూడిపోయి, చిన్న వానకే మురుగు గడపలెక్కేది. ఎవరో ఒకరు పూనుకోవాలి కదా అని ఆమె తన ఇంటి ముందుగదిలోనే కొట్టు పెట్టింది. ప్యాకెట్లు ఉండవు, కవర్లు ఉండవు. గోడ పొడవునా గాజు జాడీల్లో పప్పులు, పిండి, సబ్బుపొడి. మూలన నూనె పీపా, దానికో కుళాయి. ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకోవాలి. దర్జీ పని చేసే ఆమె భర్త మిగిలిన ముక్కలతో సంచులు కుట్టి గుమ్మానికి తగిలించేవాడు. “దీన్ని చేసుకున్న పాపానికి పీలికలు కూడా నావి కాకుండా పోయాయి” అని అందరితో మురిపెంగా చెప్పుకునేవాడు.

కొన్నాళ్లకి ఆమె అసలు పేరు వీధి మర్చిపోయింది. అందరికీ డబ్బాలక్క.

కొట్టు గోడకు ఆనుకున్న ఇల్లు మందాయనది. చెదలకు మందు కొట్టడం ఆయన పని. “పగలు గోడలకి కొడతాడు, పొద్దుగూకితే తను కొడతాడు” అని వీధిలో హాస్యాలాడేవాళ్లు. ఎదురుపడితే మాత్రం ఎంత చిన్నవాళ్లకైనా చేతులు జోడించి నమస్కారం పెట్టేవాడు.

సాయంత్రాలు కొట్టులో జాడీలు ఒక్కోసారి గలగలా కదిలేవి. “లారీ ఏదో పోతున్నట్టుంది” అనేవాళ్లు సరుకులకు వచ్చినవాళ్లు. డబ్బాలక్క జాడీలను గోడకు కాస్త ఎడంగా జరిపేది.

మందాయన భార్య రోజూ వచ్చేది. వెంట కూతురు. ఆ పిల్ల వచ్చిందంటే ఇక కదిలేది కాదు. బల్ల కింద దూరి పీలికలతో ఆడుకునేది. ఒకసారి చేతికి పిండికట్టుతో వచ్చింది.

“మెట్ల మీంచి పడిందక్కా” అంది తల్లి.

“మీ ఇంటికి మెట్లెక్కడివే?” అనబోయి, పిల్ల మొహం చూసి డబ్బాలక్క ఆగిపోయింది.

మర్నాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్లి చెప్పింది. వాళ్లు వచ్చారు. మందాయన నమస్కారం పెట్టాడు. వాళ్లు వెళ్లిపోయారు. ఆ సాయంత్రం కొట్టులో ఒక జాడీ కిందపడి పగిలింది.

ఒక ఆదివారం పొద్దున కొట్టు కిటకిటలాడుతోంది. మందాయన భార్య అందరి మధ్యలోంచి తెల్లడబ్బా ఒకటి చాచింది.

“నీ సీసా ఏదీ?”

“పగిలిందక్కా. నూనె పొయ్యి.”

డబ్బాలక్క మూత తీసింది. గరాటు పెట్టి కుళాయి తిప్పింది. నిండాక మూత గట్టిగా బిగించి అందించింది.

“పిల్లని ఇక్కడే ఉండనీ. అన్నం నేను పెడతాలే.”

తల్లి బల్ల కిందికి వంగి కూతురి తల నిమిరి వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే మందాయన పోయాడు. ఆయన తిన్నాక తనూ తిందామని భార్య కంచం పెట్టుకునేలోపే నేల మీద పడి కొట్టుకున్నాడట. డబ్బా అడుగున చెదలమందు ఉందని తేలింది.

“కడిగాననే అనుకున్నా! కడిగాననే అనుకున్నా!” అని ఆమె గుండెలు బాదుకుంటుంటే వీధి వీధంతా కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత కొట్టు మీద పడింది. మొదటి రాయి విసిరింది గిన్నెలో బియ్యం పట్టుకుపోయిన మనిషే.

“మూసిన ప్యాకెట్ అమ్మి ఉంటే మనిషి బతికుండేవాడు కదే!” అని అరిచాడు.

పప్పులూ గాజుపెంకులూ కలిసిపోయి కాలువ దాకా దొర్లాయి.

“పోసేముందు డబ్బా చూసుకోవా?” అని అడిగాడు జడ్జి.

“చూడలేదండీ. జనం ఎక్కువగా ఉన్నారు. తప్పు నాదే” అంది డబ్బాలక్క.

నిర్లక్ష్యం కింద జైలు పడింది. తిరిగి వచ్చేసరికి కొట్టు గదికి పలకలు కొట్టి ఉన్నాయి. దర్జీ దగ్గరికి బట్టలు తెచ్చేవాళ్లు లేరు. ఆయన మిషన్ అమ్మేసి ఎక్కడో కాపలా పనిలో కుదురుకున్నాడు. “ఒక్క క్షణం ఆగి పోసుంటే మన బతుకులు ఇలా తగలడేవి కాదు” అన్నాడు. అంతే. ఆ తర్వాత ఆమెతో అవసరానికి తప్ప మాట్లాడలేదు.

ఆమె ఎంత తిరిగినా ఎవరూ పనివ్వలేదు. చివరికి ఊరి బయట ఫ్యాక్టరీలో దొరికింది. పప్పు నింపిన ప్లాస్టిక్ ప్యాకెట్లకు సీలు వేసే పని. వేళ్ల కొసలు కాలి బొబ్బలెక్కేవి.

ఒకరోజు భోజనాల వేళకు మందాయన భార్య ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడి ఉంది. మనిషి ఒళ్లు చేసింది. మొహంలో కళ వచ్చింది. పిల్లను బళ్లో దింపి వచ్చానని చెప్పింది. డబ్బాలక్క చేతులు పట్టుకుంది, బొబ్బలు చూసింది, ఉన్నపళాన కాళ్ల మీద పడిపోయింది.

“కడగడం మర్చిపోలేదక్కా. ఆ డబ్బా తెలిసే తెచ్చాను. చేసింది నేను, అనుభవించింది నువ్వు. ఈ మాట ఇప్పుడైనా వెళ్లి చెప్పేస్తాను, నీ మీద నింద పోతుంది.”

డబ్బాలక్క ఆమెను భుజాలు పట్టి లేపింది. చుట్టూ ఎవరూ లేరు కదా అని చూసింది.

“ఎవరికీ చెప్పకు పిచ్చిదానా, వాసన నాకు మూత తీసినప్పుడే తెలిసింది.”