దమయంతి చూసిన ఇస్తాంబుల్

"ఇది అయా సోఫియా. పదిహేను వందల ఏళ్ల నాటిది!"

కెనడాలోని కనాటాలో తన ఇంటికి భోజనానికి పిలిచిన స్నేహితులకి రాఘవయ్య టీవీలో ఇస్తాంబుల్ ట్రిప్ ఫోటోల్లో నలభయ్యోది చూపిస్తున్నాడు.

"అన్నిట్లోనూ మీరే ఉన్నారు అంకుల్. ఆంటీ ఏరి?" అడిగింది రాధిక.

"మీ ఆంటీకి ఇలాంటివి ఇంట్రెస్ట్ లేదమ్మా. హాయిగా హోటల్ రూంలో రెస్ట్ తీసుకుంది."

ఆ మాటకి దమయంతి లేచి తన ఫోన్ టీవీకి కనెక్ట్ చేసింది.

"నావీ చూడండి. ఐదే ఉన్నాయి."

హోటల్ కిటికీ గట్టు మీద రైస్ కుక్కర్ ఆవిర్లు కక్కుతోంది. అద్దం అవతల ఒక మినార్ కొస.

"మొదటి రోజు. ఆయనకి బయటి తిండి పడదు కదా, ఇక్కణ్ణుంచే మోసుకెళ్లాను."

రెండో ఫోటోలో అదే కుక్కర్, అదే మినార్.

"రెండో రోజు. పొద్దున పప్పు, సాయంత్రం చారు."

మూడోదానికి ఎవరో నవ్వారు. ఐదోదానికి ఎవరూ నవ్వలేదు.

"ఆ మినార్ ఏ మసీదుది ఆంటీ?" రాధిక మెల్లగా అడిగింది.

"తెలీదమ్మా. రోజూ ఆయన్ని అడుగుదామనుకునేదాన్ని. తినేసి, గైడ్ వచ్చాడంటూ వెళ్లిపోయేవారు."

రాఘవయ్య గబుక్కున టీవీ ఆపేశాడు.

"సరే సరే, భోజనాలకి లేవండి. దమయంతీ, వడ్డించు."

దమయంతి సోఫాలో వెనక్కి వాలి తాపీగా కాళ్లు చాపుకుంది.

"కుక్కర్ పెట్టలేదండీ. ఇవాళ మీతో పాటు నేనూ ఊరు చూస్తున్నాను కదా!"