వల సీను

వేట మీద నిషేధం పెట్టిన రెండు నెలలూ బోట్లు ఒడ్డెక్కుతాయి, సినిమా హాళ్లు నిండుతాయి.

అందుకే అరసవల్లి రోడ్డులోని హాలు మేనేజరు గిరిబాబు, ఉగాదికి ఆడిపోయిన దెయ్యం సినిమాని మళ్లీ తెప్పించాడు. అతనిదీ సముద్రం ఒడ్డు పేటే. ఆ రోజు మ్యాట్నీకి వాళ్ల పేట నుంచి రెండు ఆటోల ఆడవాళ్లు దిగారు. అందులో చెల్లెలు రాణి కూడా ఉండటం చూసి అతనికి ప్రాణం లేచొచ్చింది.

రెండేళ్ల తర్వాత రాణి గడప దాటింది మరి!

ఆమె మొగుడు ఈశ్వర్ వేటకెళ్లి తుఫానులో చిక్కుకున్నాడు. మనిషి రాలేదు, శవమూ రాలేదు. శవం ఒడ్డు చేరకుండా ఆడదాని గాజులు తియ్యకూడదని వాళ్ల పేట కట్టుబాటు. ఆ గాజులే రాణికి ధైర్యం. ఇప్పటికీ మొగుడికి రెండు పూటలా కంచం పెడుతుంది.

"అన్నియ్యా, మరీ బయ్యంగా ఉంటాదేటి?" అంది పోస్టరు చూసి.

"దెయ్యం బొమ్మే గానీ కడుపుబ్బ నవ్విస్తాదట. ఎల్లెల్లు."

నిజానికి గిరిబాబు ఆ సినిమా చూడనే లేదు. దెయ్యాలంటే అతనికే హడలు.

అప్పుడే గేటు దగ్గర గొడవ మొదలైంది.

ముఖానికి తువ్వాలు చుట్టుకున్న మనిషొకడు, లోపలికి పోయేవాళ్లకి అడ్డం పడుతున్నాడు.

"అమ్మా, ఇంటర్వెల్ అయినాక వల సీను వస్తాది. ఏలేసా ఏలేసా అని లాగతారు. సముద్రంలో మనిషిని పోగొట్టుకున్నోలు ఆ కేక ఇనబడగానే బయటికొచ్చీయండి."

గేటు కాసే దాలయ్య పరిగెత్తుకొచ్చాడు. "బాబూ, ఈడు కతంతా సెప్పీస్తన్నాడు!"

ఇంకేముంది, ఊళ్లో రెండో హాలువాళ్ల పనే అనుకున్నాడు గిరిబాబు.

"ఎవుడ్రా నువ్వు? ఎవలు పంపినారు?"

"ఎవలూ పంపనేదు బాబూ. పూసపాటిరేగ అవతల పేట మాది. సిగరెట్టు కాలిస్తే పోతారని తెర మీద ఏస్తారు. మందు తాగొద్దని ఏస్తారు. దీనికి ఒక్క ముక్క ఎయ్యనేదు. మీరైనా మైకులో సెప్పండి."

"దెయ్యం సినిమాలో దెయ్యం ఉన్నాదని మైకులో సెప్పాలేటి?"

జనం గొల్లుమన్నారు.

"దెయ్యం కాదు బాబూ. విజినగరంలో ఈ బొమ్మ ఆడినప్పుడు మా అమ్మని నానే పంపినాను. సూసి మురిసిపోతాదని ముందు ఏటీ సెప్పనేదు. నాను వేటకెల్లిపోనాను. ఆ సీనుకి కుర్చీలోనే పోయినాది."

"దెయ్యం సినిమా సూసి మురిసిపోద్దేటిరా మీ యమ్మ?"

మళ్లీ నవ్వులు. వాడొక్కడే నవ్వలేదు.

రాణి ఆగిపోయింది. "ఏటంటన్నాడు అన్నియ్యా?"

"తాగీసున్నాడు. నువ్వు లోనికెల్లు."

ఆ మనిషి రాణి కళ్లలోకి చూశాడు. "అమ్మా, మీవోలు ఎవలైనా సముద్రంలో..."

గిరిబాబుకి ఒళ్లు మండిపోయింది. చెల్లెలి ముందు ఆ మాట ఎవరూ ఎత్తకుండా రెండేళ్లు కాచుకొస్తున్నాడు! మెడపట్టి ఒక్క గెంటు గెంటాడు. తువ్వాలు జారింది. ఎడమ కనుబొమ మీద అడ్డంగా పాత గాటు. ఎవరైనా చూస్తారేమోనన్నట్టు వాడు గబగబా తువ్వాలు చుట్టేసుకున్నాడు.

"పోనీ, ఆ యమ్మనొక్కర్తినైనా ఇంటర్వెల్ కాడ ఆపండి బాబూ."

గేటు పడింది.

ఇంటర్వెల్లో రాణి నవ్వుతూ వచ్చింది. సమోసా తింటూ కామెడీ సీను ఒకటి చెప్పింది కూడా. ఈ నవ్వు కోసమే కదా అనుకున్నాడు గిరిబాబు. కళ్లు తడిశాయి.

బెల్లు మోగింది. ఆమె లోపలికి పోతుంటే రోడ్డవతల ఆ మనిషి రెండు చేతులూ ఎత్తి, వద్దు వద్దని ఊపాడు. బస్సొకటి అడ్డం వచ్చింది. అది కదిలేసరికి తలుపులు మూసుకున్నాయి.

కాసేపటికి లోపలి నుంచి వినబడింది. ఏలేసా... ఏలేసా...

ఆడవాళ్లు కెవ్వుమన్నారు. కేకలు వినబడితే దెయ్యం సినిమా హాల్లో ఎవరూ కంగారు పడరు. కానీ ఆ కేకలు ఠక్కున ఆగిపోయాయి. గిరిబాబు తలుపు తోసుకుని లోపలికి పరిగెత్తాడు.

తెర మీద తెల్లవారుతోంది. ఒడ్డున వల లాగుతున్నారు. వలలో మనిషి శవం.

పేట ఆడవాళ్లంతా లేచి నిలబడి ఉన్నారు. రాణి తెరకేసి నడుస్తోంది. అత్త మరిడమ్మ కొంగు పట్టుకుని వెనక్కి లాగుతోంది.

"ఓలమ్మో, అది బొమ్మే రాణీ!"

"వచ్చీసినాడత్తా" అంది రాణి. గొంతులో ఏడుపు లేదు. "ఒడ్డుకొచ్చీసినాడు."

రెండు చేతులూ గోడకేసి కొట్టుకుంది. రెండేళ్లు కాపాడుకున్న గాజులు ముక్కలై రాలాయి.

"ఒసే రాణీ! ఆడు మన ఈశ్వర్ కాదే! ఎవుడో యాక్టరు. సూడు, మొహం సూడు!" గిరిబాబు ఆమె ముఖాన్ని తెరకేసి తిప్పాడు.

తనూ చూశాడు.

తెర నిండా శవం ముఖం. నోట్లో ఇసుక, జుట్టులో నాచు, ఎడమ కనుబొమ మీద అడ్డంగా పాత గాటు.

ఇందాక తను మెడపట్టి గెంటిన మనిషే ఆ వలలో శవం వేషం కట్టి పడుకున్నాడు. విజయనగరంలో ఆ రోజు కుర్చీలోంచి వాళ్లమ్మ చూసింది, వేటకెళ్లిన కన్నకొడుకునే.