గుండుసున్నాకి ఏం వచ్చు?

"లెక్కలు రావు, చెప్పింది వినడం రాదు, కుదురుగా కూర్చోవడం రాదు. అసలు నీకేం వచ్చు?" అన్నారు లెక్కల మాస్టారు.

చివరి బెంచీ పిల్ల జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. వినే ఓపిక ఆయనకు లేదు. వెళ్లి గుమ్మం బయట నిలబడమన్నారు.

ఆ పిల్లకు గుండుసున్నా అని పేరు పెట్టింది కూడా ఆయనే. పాపం, ప్రతి పరీక్షలోనూ ఆ పేరు నిలబెడుతూనే ఉంది. ఈసారి దాన్ని పక్క సెక్షన్‌కి తోలేస్తే పీడ వదులుతుందనుకుంటూ ఆయన బోర్డు తుడుస్తున్నారు. అంతలో గోడమీది స్పీకరు గరగరలాడింది.

ఆ బడిలో ఏ ఆజ్ఞ అయినా ఆ పెట్టెలోంచే రావాలి. మెట్ల కింది మైకు గదిలో పెద్దమేడం గొంతు సవరించుకుంటే చాలు, పై అంతస్తులో మాస్టార్లు లేచి నిలబడతారు.

రెండుసార్లు దగ్గు వినిపించింది. ఆ తర్వాత పెద్దమేడం గొంతు.

"లెక్కల మాస్టారూ, ప్రతి పిల్లలోనూ ఏదో ఒక విద్య ఉంటుంది. దాన్ని బయటికి తీయడమే మన పని. మీరు గుమ్మం బయట నిలబెట్టిన పిల్లలో ఏముందో చివరి గంట మోగేలోగా కనిపెట్టండి. లేకపోతే రేపటి నుంచి మీకు నర్సరీ క్లాసు. అర్థమైందా? అర్థమైందా?"

గోడలకు చెవులుంటాయని విన్నారు గానీ, కళ్లు కూడా ఉంటాయని ఆయనకు అప్పుడే తెలిసింది. నర్సరీ అంటే ఆయనకు పులి కన్నా భయం. ఒకసారి అరగంట అక్కడ కూర్చుంటే ఒకడు ఆయన కళ్లజోడు లాక్కున్నాడు, ఇంకొకడు ఒళ్లో నిద్రపోయాడు, మూడోవాడు ఆ ఒళ్లోనే పని కానిచ్చాడు.

కాసేపటికి తేరుకుని, పరుగున వెళ్లి తలుపు తీశారు. గుండుసున్నా అక్కడే రొప్పుతూ నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి అలా అయిపోయిందేమోనని ఆయన మనసు చివుక్కుమంది. బుజ్జగించి లోపలికి తీసుకొచ్చారు.

ముందు పాడమన్నారు. పల్లవి అయ్యేలోపే పక్క క్లాసు సైన్సు టీచరు వచ్చి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగి వెళ్లింది. ఆవు బొమ్మ వేయమంటే కుర్చీలా వచ్చింది. పోనీ కుర్చీ వేయమంటే అది ఆవులా తయారైంది. మైదానంలో పరిగెత్తమంటే, చీమల బారు అడ్డొచ్చిందని సగంలోనే ఆగిపోయింది. వెంట పరిగెత్తిన మాస్టారికి మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది.

ఆయన గట్టుమీద కూలబడ్డారు.

"పోనీ నువ్వే చెప్పు తల్లీ, నీకేం వచ్చు?"

పొద్దున అడిగిన ప్రశ్నే. ఈసారి నిజంగా వినడానికే అడిగారు. ఆ పిల్ల ఆయన ముఖంలోకి అనుమానంగా చూసింది.

"చెబితే తిడతారు సార్."

"తిట్టను."

"చూపిస్తే కొడతారు."

"కొట్టను. ఒట్టు."

"అయితే చూపిస్తా" అని ఆ పిల్ల లేచేసరికి చివరి గంట మోగింది. ఆ వెంటనే బడి వైపు తుర్రుమంది. ఇక ఆశ వదులుకుని మాస్టారు కాళ్లీడ్చుకుంటూ పెద్దమేడం గదికి వెళ్లారు.

మెడకు మఫ్లరు చుట్టుకుని ఆవిడ అప్పుడే కుర్చీలో కూర్చుంటున్నారు. పక్కన ఆయా వేడినీళ్ల గ్లాసు పట్టుకుని ఉంది. మాస్టారు చేతులు కట్టుకున్నారు.

"దొరకలేదు మేడం. తప్పు పిల్లది కాదు, నాది. ఇన్నాళ్లూ దాని మార్కులే చూశాను, దాన్ని చూడలేదు. ఇంకొన్నాళ్లు దాన్ని నా క్లాసులోనే ఉంచండి. కావాలంటే నర్సరీకి కూడా వెళ్తాను."

ఆ మాటంటూ ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సగం పిల్ల మీద ప్రేమ, సగం నర్సరీ మీద భయం. పెద్దమేడం అయోమయంగా ఆయన్ని చూసి, తన గొంతు చూపించి, చెయ్యి అడ్డంగా ఊపారు.

"మేడం గారికి నిన్న సాయంత్రమే గొంతు పూర్తిగా పోయింది సార్" అంది ఆయా. "పొద్దున్నుంచీ డాక్టరు దగ్గరే ఉండి, ఇప్పుడే బడికి వస్తున్నారు."

అంతలో ఆ గది గోడమీది స్పీకరు గరగరలాడింది. రెండుసార్లు దగ్గి, అచ్చం పెద్దమేడం గొంతుతో అడిగింది:

"మాస్టారూ, నాకేం వచ్చో అర్థమైందా? అర్థమైందా?"