బయటి సాయం

"ముట్టుకోకు. నా సైకిల్ మీద చెయ్యి పడిందంటే పందెం పోయినట్టే," అని అరిచింది మార్లిస్.

హ్యాండిల్ పట్టుకోబోయిన ముసలాయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గాలికి లేచిన మంచులోంచి ఒక్కసారిగా ఊడిపడ్డాడాయన. ఒంటి మీద బొచ్చు కోటు, మీసాల నిండా మంచు. ఒడ్డున ఉన్న ఊరి మనిషే అయి ఉంటాడు.

మార్లిస్ కాళ్ల కింద ఉన్నది గడ్డకట్టిన సముద్రం. అలాస్కాలోనే పుట్టి పెరిగింది గానీ ఇంత గాలి ఆమె ఎరగదు. పొద్దుటినుంచీ సైకిల్ తొక్కింది తక్కువ, తోసింది ఎక్కువ. దారి గుర్తుకని పాతిన కర్రల్లో ఒకటి కనబడితే రెండోది కనబడడం లేదు. కాలివేళ్లు ఉన్నాయో ఊడిపోయాయో తెలియడం లేదు. కింద మంచుగడ్డ మూలిగినప్పుడల్లా పై ప్రాణాలు పైనే పోతున్నాయి. అన్నిటికీ మించిన భయం ఇంకొకటుంది. జాలిపడి ఎవరైనా తనను మంచుబండి ఎక్కించేస్తారేమోనని. ఈ సైకిల్ పందెంలో బయటివాళ్ల సాయం పుచ్చుకుంటే పేరు కొట్టేస్తారు.

"అమ్మాయ్..." అన్నాడు ముసలాయన. రొప్పుతున్నాడు. చలికి దవడలు బిగుసుకుపోయి మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఒక్క నిమిషం..."

"నాకు తెలుసు తాతా ఆ ఒక్క నిమిషం సంగతి. నిరుడు ఇక్కడే ఒకాయన ఒక్క నిమిషం అంటూనే దుప్పటి కప్పాడు. కళ్లు తెరిచేసరికి వాళ్ల వంటింట్లో ఉన్నాను, నా చేతిలో దుప్పి మాంసం పులుసు. మంచివాళ్లే మీరంతా, కాదనను. ఆ మంచితనమే నా కొంప ముంచుతోంది."

ముసలాయన నోరు మూసుకుని విన్నాడు. ఎదుటి మనిషి మాట్లాడుతుంటే అడ్డం రావడం వాళ్ల ఊళ్లో పద్ధతి కాదు. మార్లిస్‌కేమో మధ్యలో ఆగడం చేతకాదు, భయం వేసినప్పుడు మరీను.

ఆయన రెండు చేతులూ చాచి చూపించాడు. తొడుగులు లేవు. వేళ్లు కమిలిపోయి ఉన్నాయి.

"ఏం, తొడుగులు కూడా నాకివ్వాలని తీసేశావా? చాల్లే, ముందు వేసుకో. ఈ వయసులో చేతులు పోగొట్టుకుంటావా?"

"అది కాదు తల్లీ... అక్కడ..." అంటూ వెనక్కి చూపించాడు. "నా బండి..."

"బండీ లేదు గిండీ లేదు. నేను బాగానే ఉన్నాను. నాకేమీ కాలేదు," అంది మార్లిస్. పళ్లు టకటక కొట్టుకుంటూ ఉంటే ఆ మాట ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. ఆయన ఇంకోసారి నోరు తెరిచేలోపే సైకిల్ తోసుకుంటూ ముందుకు పోయింది.

కాస్త దూరం వెళ్లి వెనక్కి చూసింది. వస్తూనే ఉన్నాడు. పడ్డాడు, లేచాడు, మళ్లీ వస్తున్నాడు.

"ఇంటికెళ్లు తాతా, నీకు దణ్ణం పెడతాను," అని కేక పెట్టి అడుగు వేగం చేసింది. ఇంకాస్త పోతే అవతలి ఒడ్డు మీద పందెంవాళ్లందరూ ఆగే బస గుడిసె. అక్కడికి చేరి ఒళ్లు వెచ్చబెట్టుకుంటే చాలు, మిగిలిన దారి ఎలాగో ఈడ్చుకుపోవచ్చు. ఈసారి పందెం ముగించకుండా ఇంటికి వెళ్లకూడదని ఒట్టు పెట్టుకుంది.

మళ్లీ తిరిగి చూస్తే మనిషి లేడు. తెల్లటి గాలి తప్ప ఏమీ లేదు.

నాలుగడుగులు ముందుకే వేసింది. పోనీలే, ఇంటికెళ్లిపోయాడేమో అనుకుంది. వెళ్లి ఉండడని ఆమెకు తెలుసు. అప్పుడు పుట్టింది అసలైన భయం. తనను కాపాడదామని వచ్చి ఆ ముసలి ప్రాణం ఈ మంచులో పోతే, ఇక పందెం గెలిచి ఎవరికి చూపించుకోవాలి? నోటికొచ్చినట్టు తనను తాను తిట్టుకుంటూ సైకిల్ వెనక్కి తిప్పింది.

వచ్చిన జాడలు అప్పుడే పూడుకుపోతున్నాయి. దారి కర్ర కూడా మాయమైంది. "తాతా, తాతా," అని పిలుస్తూ, ఏడుస్తూ, గుడ్డిగా నడిచింది. ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని కనిపించాడు. లేవబోతున్నాడు గానీ చేతకావడం లేదు.

మార్లిస్ సైకిల్ అక్కడే పడేసి ఆయన చంకల కింద చేతులేసి లేపింది. తన రెండో జత తొడుగులు తీసి ఆయన చేతులకు తొడిగింది.

"సరే, నువ్వే గెలిచావు," అంది వెక్కుతూ. "ఇంత మొండిమనిషిని నేనెక్కడా చూడలేదు. పందెం పోతే పోయింది, పద, ఎక్కుతాను. ఏదీ నీ బండి?"

ముసలాయన ఆమె మాట పూర్తిగా ఆగేదాకా చూసి, ఊపిరి కూడదీసుకున్నాడు.

"బోల్తా పడింది తల్లీ. దాని కింద మా ఆవిడ ఉంది, బండి నా ఒక్కడివల్ల లేవడం లేదు, కాస్త సాయం పడతావా?"