మేక వేసిన అడుగులు

వకుళను ఎత్తుకుపోయినవాడు మొట్టమొదట చేసిన పని, ఆమె చేతి పట్టీ విప్పి తన పెరట్లో మేక మెడకు కట్టడం. అప్పటికి ఎవరూ ఎవరినీ ఎలా ఉన్నావని అడగడం మానేశారు. మనిషి క్షేమం పట్టీ చెబుతుంది, ఇంట్లోవాళ్లు ఫోన్‌లో చూసుకుంటారు. శిక్షణ కోసం రాజమండ్రి వెళ్లిన భార్య రోజుకు పన్నెండు వేల అడుగులు వేస్తోందని శ్రీపతి పంతొమ్మిది రోజులు మురిసిపోయాడు. "శభాష్, నడక బాగా పెంచావు" అని పట్టీకి మెసేజీలు కూడా పెట్టాడు. మేక జవాబివ్వలేదని అతనికి దిగులేమీ కలగలేదు.

వాడు బంధించిన గది కిటికీ ఊచ ఊడబెరుక్కుని వకుళ తనంతట తనే బయటపడింది. ఇంటికొచ్చిన మర్నాడే శ్రీపతి మహానుభావుడు కొత్త పట్టీ తెచ్చాడు.

"ఇది నిద్ర కూడా చూస్తుంది. ఇంక ఏ భయమూ లేదు."

"నీకా, నాకా?" అంది వకుళ.

ఆ గదిలో ఏం జరిగిందని మాత్రం అతను అడగలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె ఆ పట్టీని కిటికీలో పడుకున్న పిల్లి మెడకు చుట్టింది. రెండు గంటల తర్వాత అతనికి అన్నం వడ్డిస్తుంటే పక్కవాటాలో గడియ పడిన చప్పుడైంది. ఆమె గిరుక్కున తలుపు వైపు తిరిగింది; గరిటెలోని వేడి చారు అతని మణికట్టు మీద ఒలికింది. శ్రీపతి ఫోన్ మీంచి చూపు తిప్పకుండానే తుడుచుకున్నాడు.

"హమ్మయ్య, రెండు గంటల నుంచీ ఒళ్లెరగకుండా నిద్రపోతున్నావు" అన్నాడు ఆమెతో. "కాస్త నెయ్యి వెయ్యి."