కళ్లు లేని సేనాపతి

“బావా, నీ సేనాపతికి కళ్లేవీ?” సొంతంగా రంగులేసుకున్న బొమ్మ సైన్యాలతో యుద్ధమాడే పోటీలో బల్లకు అవతలినుంచి బావమరిది పకపకా నవ్వాడు.

“గుడ్డివాడ్రా. కావాలనే వదిలేశా.”

బియ్యపుగింజంత మొహాలకు కనుబొమలు సైతం దిద్దిన చెయ్యి బావది. ఇప్పుడు కుంచె పడితే వణుకుతోంది. ఆ సంగతి భార్యకైనా చెప్పలేదు.

తన విలుకాళ్ల బాణం ఎదుటి సైన్యందాకా అందుతుందో లేదో కొలవడానికి టేపు చాచాడు. అది గజగజలాడి ముందువరుస బొమ్మల్ని పడగొట్టింది.

బావమరిది నవ్వు ఆగిపోయింది. బొమ్మల్ని ఒక్కొక్కటే లేపి నిలబెట్టాడు.

“దూరం సరిపోయింది బావా. పాచిక వెయ్యి.”

వెంట్రుకవాసికి కూడా కొట్లాటకొచ్చే మనిషి!

“రెండు వేళ్లు తక్కువుందిరా. పోట్లాడవేం? సరిగ్గా చూడు,” బతిమాలాడు బావ.

“చూశాలే బావా,” అంటూ టేపు అందుకుని మెల్లగా చుట్టేశాడు.