మధ్యాహ్నపు కునుకుపై పరిశోధన

"నలభై రెండు పేపర్లలో దాని ప్రస్తావన ఉంది మేడమ్! మెడికల్ లైబ్రరీలో దొరకదంటే ఎలా?" అంటూ గుండెజబ్బుల ప్రొఫెసరుగారు నా బల్ల మీద గట్టిగా చరిచారు.

మధ్యాహ్నం కునుకు తీస్తే గుండెకు మంచిదని తేల్చిన పేపరట. దాని కాపీ సాయంత్రంలోగా పంపకపోతే ఆయన వ్యాసాన్ని పత్రికవాళ్లు తిప్పి పంపుతారు.

మూడు రోజులుగా నాకూ అదే పని. నలభై రెండూ తిరగేశాను. ఒకర్ని చూసి ఒకరు రాసుకున్నారే తప్ప, అసలు పేపరు చదివిన మహానుభావుడు ఒక్కడూ లేడు. వెనక్కి వెళ్లగా వెళ్లగా మా యూనివర్సిటీ థీసిస్ ఒకటి తేలింది. గైడుగా సంతకం ఈయనదే. ఆ థీసిస్ రాసినవాడు ఏ కాగితంలోంచి ఎత్తాడో అది ఇవాళ పొద్దున నా బీరువాలో దొరికింది.

ఆ కాగితం తీసి ముందు పెట్టాను.

"ఏమిటిది?"

"రిఫరెన్సులు ఎలా రాయాలో కొత్త విద్యార్థులకు నేర్పడానికి నేను పంచిన కాగితం సార్. నమూనాకి ఒకటి కల్పించాను. కల్పితమని కింద రాశాను కూడా. అంతదాకా ఎవరూ చదివినట్టు లేరు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఈ రచయిత కూడా కల్పితమేనా?"

"కాదు సార్, మా ఆయన. టైలరు."

ప్రొఫెసరుగారికి ప్రాణం లేచొచ్చింది. "అయితే ఒక్కసారి ఫోన్లో మాట్లాడించండి!"

గడియారం చూశాను. రెండున్నర.

"ఇప్పుడు కుదరదు సార్. ఈ టైములో ఆయన పరిశోధనలో ఉంటారు."